సొరంగం గీశాకే ప్లాట్‌ఫాం: భూగర్భ స్టేషన్‌కు ఏ అమరిక ఎంచుకోవాలి?

ఆ మధ్య బీటెక్ ఫైనలియర్ పిల్లలు నలుగురు ప్రాజెక్టు డ్రాయింగులు పట్టుకుని వచ్చారు. భూగర్భ మెట్రో స్టేషన్ డిజైను. ప్లాను శుభ్రంగా ఉంది: నడుమ రెండు పట్టాలు, అటొక ప్లాట్‌ఫాం, ఇటొక ప్లాట్‌ఫాం. ఇంకో షీటులో స్టేషన్ బయట సొరంగాల సెక్షన్ ఉంది. రెండు విడివిడి సొరంగాలు, సెంటర్ టు సెంటర్ 15 మీటర్లు. రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టి, "15 మీటర్ల ఎడంతో వస్తున్న పట్టాలు స్టేషన్‌లోకి రాగానే నాలుగున్నర మీటర్లకు ఎలా దగ్గరయ్యాయి?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకమ్మాయి, "ప్లాట్‌ఫాం ముందు గీసేశాం సార్" అంది.

చాలామంది చేసేది అదే. ప్లాట్‌ఫాం మనం నిలబడే చోటు, కళ్లెదుట ఉంటుంది. సొరంగం చీకట్లో ఉంటుంది. అందుకే పెన్సిలు ముందు ప్లాట్‌ఫాం మీదికి పోతుంది. నిజానికి నేల కింద సగం ఎంపిక మన చేతిలో ఉండదు, సొరంగం వచ్చే తీరే తేల్చేస్తుంది. మిగిలిన సగంలోనే తల బద్దలు కొట్టుకోవాలి. ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, కంప్యూటర్లో నగరాలు కట్టే ఆటగాళ్లకు, తమ వీధి కిందికి లైను వస్తోందంటే మ్యాపు ముందేసుకుని కూర్చునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

పేర్లు తేలాలంటే జంక్షన్‌కు వెళ్లాలి

మన పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం సాధారణంగా స్టేషన్ భవనాన్ని ఆనుకుని ఉంటుంది, పట్టా ఒక్క వైపే. అది సైడ్ ప్లాట్‌ఫాం. 2, 3 నంబర్లు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. అది ఐలాండ్. నా చిన్నప్పుడు ఒక జంక్షన్‌లో మా బండి రెండుకు బదులు మూడో నంబరు మీదికి వస్తుందని మైకులో చెప్పారు. కూర్చున్న చోటే వెనక్కి తిరిగాం, అంతే. ఇంకో ఏడాది ఒకటికి బదులు నాలుగన్నారు. ట్రంకుపెట్టె, మంచినీళ్ల కూజా మోసుకుని వంతెనెక్కి దిగేసరికి గార్డు పెట్టె మమ్మల్ని దాటుకుని పోతోంది. ఐలాండ్‌కూ సైడ్‌కూ తేడా ఏమిటో నాకు పుస్తకం చెప్పలేదు, ఆ కూజా చెప్పింది.

మెట్రోల్లో ఈ రెండూ కాక మరో మూడు ఉన్నాయి: ఒక ప్లాట్‌ఫాం మీద ఇంకోటి పేర్చిన అంతస్తుల అమరిక, ఒకే పట్టాకు రెండు వైపులా ప్లాట్‌ఫాంలు ఉండే స్పానిష్ పద్ధతి, బాగా లోతులో విడివిడి గొట్టాలుగా తవ్వి మధ్యలో దారులు తెరిచే అమరిక.

ఏ ప్రశ్నలు ముందు వేసుకోవాలి

మొదటిది, అన్నిటికన్నా పెద్దది: సొరంగం ఎలా వస్తోంది?

మన దేశంలో మెట్రోలకు ఎక్కువగా వాడే టీబీఎంలు (సొరంగం తొలిచే యంత్రాలు) సుమారు 6.6 మీటర్ల వ్యాసంతో తవ్వుతాయి. కాంక్రీటు రింగులు బిగించాక లోపల 5.8 మీటర్ల దాకా మిగులుతుంది. అందులో ఒక్క పట్టాయే పడుతుంది. రెండో పట్టాకు రెండో సొరంగం. రెండిటి మధ్యా మట్టి కదలకుండా ఉండాలంటే ఇంచుమించు ఒక సొరంగం వ్యాసమంత నేలను ముట్టకుండా వదిలేయాలి. అలా సెంటర్ టు సెంటర్ 13 నుంచి 15 మీటర్ల ఎడం తప్పదు.

పై నుంచి రోడ్డు తవ్వి, పెట్టె కట్టి, మళ్లీ పూడ్చేసే కట్ అండ్ కవర్ అయితే ఆ బెడద లేదు. రెండు పట్టాలూ నాలుగున్నర మీటర్ల ఎడంతో ఒకే పెట్టెలో పోతాయి. మన హైదరాబాద్ మెట్రో భూగర్భం కాకపోయినా ఇక్కడ మంచి ఉదాహరణ. 2017లో మొదలైన ఆ లైన్లు మొత్తం స్తంభాల మీదే. ఒకే వరస స్తంభాల మీద రెండు పట్టాలూ ఆనుకుని వస్తాయి కాబట్టి స్టేషన్లలో సైడ్ ప్లాట్‌ఫాంలు పెట్టారు. అటు వెళ్లాల్సినవాళ్లు ఇటు మెట్లెక్కితే మళ్లీ కాన్‌కోర్స్‌లోకి, అంటే టికెట్ గేట్లుండే హాల్లోకి దిగి అవతలి వైపు ఎక్కాల్సిందే. ఒక్కసారైనా అలా ఎక్కి దిగనివాళ్లు తక్కువ.

రెండో ప్రశ్న: పైన రోడ్డు వెడల్పెంత? స్టేషన్ గోడలు ఇళ్ల పునాదుల కిందికి పోతే భూసేకరణ, కోర్టులు, నష్టపరిహారాలు.

మూడోది లోతు. నాలుగోది జనం తీరు: పొద్దున అంతా ఒకే దిక్కుకు పోతారా, రెండు దిక్కులకూ సమానంగా పోతారా, లేక అందరూ అక్కడే దిగి లైను మారతారా?

అయిదోది, విద్యార్థులు ఎప్పుడూ చివరికి వదిలేసేది: మంట లేస్తే జనం ఎంతసేపట్లో బయటపడతారు? అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 130 ప్రకారం ప్లాట్‌ఫాం 4 నిమిషాల్లో ఖాళీ కావాలి, 6 నిమిషాల్లో అందరూ సురక్షితమైన చోటికి చేరాలి. మెట్ల వెడల్పును తేల్చేది ఈ రెండు అంకెలే, ఆర్కిటెక్టు అభిరుచి కాదు.

ఆరోది క్రాసోవర్, అంటే వెనక్కి తిరగాల్సిన బండి ఒక పట్టా నుంచి పక్క పట్టాకు మారే చోటు. దాని సంగతి చివర్లో చెబుతాను, ఆ పిల్లలను ఏడిపించింది అదే.

ఐలాండ్: టీబీఎంకు సహజమైన జోడీ

15 మీటర్ల ఎడంలోంచి లెక్క వేయండి. పట్టా సెంటర్ నుంచి ప్లాట్‌ఫాం అంచుకు సుమారు 1.55 మీటర్లు. రెండు వైపులా తీసేస్తే 11.9 మీటర్లు మిగులుతుంది. మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టు మధ్యలో పెట్టి ఇరువైపులా జనం నడవడానికి సరిపోయే వెడల్పు. అంటే పట్టాలను ఒక్క అంగుళం కూడా వంచకుండానే ప్లాట్‌ఫాం దానంతటదే పుట్టుకొచ్చింది. టీబీఎంతో తవ్విన లైన్లలో ఐలాండ్ అన్నిసార్లు కనబడటానికి కారణం ఇదే.

ఇంకో లాభం ఖర్చు. ఒక జత ఎస్కలేటర్లు, ఒక లిఫ్టు రెండు దిక్కుల ప్రయాణికులకూ పనికొస్తాయి. పొద్దున ఒక దిక్కుకు, సాయంత్రం మరో దిక్కుకు జనం పోటెత్తే చోట అదే వెడల్పును రెండు పూటలా వాడుకుంటారు. సైడ్ ప్లాట్‌ఫాంలలో పొద్దున ఒకటి కిక్కిరిసి రెండోది ఖాళీగా ఉంటుంది. దారి తప్పి దిగినవాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు, చూపు లేనివాళ్లకు కూడా ఐలాండే మేలు. ఒకసారి కిందికి చేరితే ఇంక లిఫ్టు వెతుక్కోవాల్సిన పని లేదు.

మరి చిక్కెక్కడ? వెడల్పు తగ్గితే ఐలాండ్ అంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. లండన్‌లో క్లాపం కామన్, క్లాపం నార్త్ స్టేషన్లలో ఇప్పటికీ ఒకే పెద్ద గొట్టంలో రెండు పట్టాలు, వాటి నడుమ సన్నటి ఐలాండ్. రెండు వైపులా అంచే, వీపు ఆనించుకోవడానికి గోడ లేదు. ఏంజెల్ స్టేషన్ కూడా అలాగే ఉండేది. రద్దీ పెరిగాక ఉత్తరం వైపు బండికి కొత్త సొరంగం తవ్వారు, పాత పట్టా ఉన్న చోటును పూడ్చి ప్లాట్‌ఫాంలో కలిపేశారు. ఆ పని 1992కు పూర్తయింది. ఐలాండ్‌ను తర్వాత వెడల్పు చేయాలంటే ఇంత పని. రెండు వైపులా పట్టాలే కాబట్టి పెరగడానికి చోటుండదు. అనుమానం ఉంటే మొదటే రెండు మీటర్లు ఎక్కువ గీయండి.

సైడ్: నేలకు దగ్గరగా ఉంటేనే

1900లో మొదలైన పారిస్ మెట్రో ఈ అమరికకు పాఠ్యపుస్తకం లాంటిది. ఒకే సొరంగంలో రెండు పట్టాలు, స్టేషన్ రాగానే అదే కమాను వెడల్పై రెండు పక్కలా ప్లాట్‌ఫాంలు. పట్టాలు ఎక్కడా వంకర తిరగవు, బండి వేగం తగ్గించుకోనక్కర్లేదు. వీధికి కాస్త కిందే కాబట్టి పేవ్‌మెంటు మీది మెట్లు నేరుగా దిగితే సరిపోతుంది. 1896 నాటి బుడాపెస్ట్ లైనూ అంతే.

సైడ్‌కు రెండు మంచి గుణాలున్నాయి. ఎదురెదురు బళ్లు ఒకేసారి వచ్చినా దిగిన రెండు గుంపులూ ఒకదాన్నొకటి గుద్దుకోవు. తర్వాత జనం పెరిగితే గోడ బయటికి తవ్వి ఒక్కో వైపే వెడల్పు చేయొచ్చు, నడిచే బండిని ఆపాల్సిన పని తక్కువ.

బదులుగా మెట్లు, లిఫ్టులు, సిబ్బంది, కెమెరాలు అన్నీ రెండేసి. న్యూయార్క్‌లో కొన్ని లోకల్ స్టేషన్లలో రెండు ప్లాట్‌ఫాంల మధ్య లోపలి దారే లేదు. తప్పు మెట్లు దిగితే బయటికొచ్చి, రోడ్డు దాటి, మళ్లీ డబ్బు కట్టి లోపలికి పోవాలి. 1904లో మొదలైన ఆ సబ్‌వే నాలుగు పట్టాల లైన్లలో మాత్రం తెలివైన పని ఒకటి చేశారు. లోకల్ ఆగే చిన్న స్టేషన్లకు సైడ్ ప్లాట్‌ఫాంలు, ఎక్స్‌ప్రెస్ కూడా ఆగే పెద్ద స్టేషన్లకు రెండేసి ఐలాండ్లు పెట్టారు. ఒకే దిక్కుకు పోయే లోకల్, ఎక్స్‌ప్రెస్ ఒక గట్టుకు అటూ ఇటూ ఆగుతాయి. లోకల్ దిగి నాలుగడుగులు వేస్తే ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు.

జంట టీబీఎం సొరంగాలకు సైడ్ పెడితే ఏమవుతుందో ఆ పిల్లల చేతే లెక్క వేయించాను. ఒక్కో పట్టా 5.25 మీటర్లు లోపలికి జరగాలి. 400 మీటర్ల వ్యాసార్ధంతో ఎస్ వంపు గీస్తే 92 మీటర్లు పడుతుంది, వంపు మొదట్లో చివర్లో కలిపే ట్రాన్సిషన్లు వేరే. అంటే స్టేషన్‌కు రెండు కొసల్లోనూ వంద మీటర్లకు పైగా అదనంగా రోడ్డు తవ్వాలి. ప్లాట్‌ఫాం పొడవే దాదాపు 140 మీటర్లు!

ఒకదాని మీద ఒకటి: సందు ఇరుకైతే

లెక్కకు చూస్తే ఐలాండ్ పెట్టె లోపలి వెడల్పు 20 మీటర్ల దాకా వస్తుంది, సైడ్‌కు 18కి దగ్గరగా. ఒక పట్టా, ఒక ప్లాట్‌ఫాం చొప్పున పేరిస్తే 11 మీటర్లలో పని అయిపోతుంది.

1900లో తెరిచిన లండన్ సెంట్రల్ లైనును తవ్వినప్పుడు, ఇళ్ల కింది నుంచి పోతే యజమానులకు సొమ్ము కట్టాల్సి వస్తుందని సొరంగాలను వీధుల వెంబడే తిప్పారు. వీధి సన్నబడిన చోట ఒక సొరంగాన్ని ఇంకోదాని మీదికి ఎక్కించారు. ఛాన్సరీ లేన్, నాటింగ్ హిల్ గేట్ స్టేషన్లలో అది ఇప్పటికీ కనిపిస్తుంది. హాంకాంగ్‌లో ఐలాండ్ లైనులో (అది లైను పేరు, అమరిక కాదు) వాన్ చాయ్, కాజ్‌వే బే కూడా ఇదే కోవ. 1999లో తెరిచిన వెస్ట్‌మినిస్టర్ జూబ్లీ లైను ప్లాట్‌ఫాంలను పేర్చడానికి కారణం మరీ పెద్దది: పక్కనే బిగ్ బెన్ గోపురం ఉంది, సొరంగాలు దానికి వీలైనంత దూరంగా పోవాలి.

దీనికి మూల్యం లోతు. కింది అంతస్తువాళ్లు ఆ 6 నిమిషాల్లో ఒక మజిలీ ఎక్కువ ఎక్కాలి. నీటి ఊట ఎక్కువున్న నేలలో ప్రతి అదనపు మీటరూ పంపుల బిల్లే. ఇరుకు బజారైతే తప్ప నేను దీని జోలికి పోను.

లైను మారే స్టేషన్ విషయం వేరు. అక్కడ పేర్చడమే రాజమార్గం. సింగపూర్‌లో ఉండే మనవాళ్లకు సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ తెలియనివి కావు. 1987 నుంచి ఉన్న ఆ రెండూ పక్కపక్క స్టేషన్లు. ఒక్కోదానిలో రెండు అంతస్తులు, ఒక్కో అంతస్తులో ఒక ఐలాండ్, దానికి అటొక లైను, ఇటొక లైను. కొన్ని దిక్కులకు లైను మారాలంటే మొదటి స్టేషన్‌లో ఎదురు బండెక్కితే చాలు, మిగతా దిక్కులకు రెండోదాంట్లో. మెట్ల ముఖం చూడక్కర్లేదు. హాంకాంగ్‌లో మోంగ్ కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ జంట చేసేదీ ఇదే. అయితే రెండు లైన్ల సొరంగాలూ ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరగాలి. రెండు లైన్లనూ ఒకేసారి ప్లాను చేస్తేనే ఇది కుదురుతుంది. మొదటి లైను నడుస్తుండగా రెండోది తెస్తే ఇంక నడక సొరంగాలే గతి.

లంబంగా దాటుకునే లైన్లయితే వాషింగ్టన్‌లో మెట్రో సెంటర్ అనే స్టేషన్‌ను చూడండి. పై అంతస్తులో రెడ్ లైనుకు సైడ్ ప్లాట్‌ఫాంలు, కింద మిగతా లైన్లకు ఐలాండ్. కింది గట్టు పైనున్న రెండు ప్లాట్‌ఫాంల అడుగు నుంచీ అడ్డంగా పోతుంది కాబట్టి రెండిటికీ నేరుగా మెట్లు పెట్టొచ్చు. రెండు రకాలూ కలిపి వాడటానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు తెలియదు.

రెండు వైపులా తలుపులు

స్పానిష్ పద్ధతి అంటే ఒక వైపు దిగడం, ఇంకో వైపు ఎక్కడం. బార్సిలోనాలో వాడుక కాబట్టి ఆ పేరు. మ్యూనిక్ ఎస్-బాన్ (నగర లోకల్ రైళ్లు) సొరంగంలో కార్ల్స్‌ప్లాట్జ్, సావో పాలోలో సే స్టేషన్ ఇలాంటివే. దిగేవాళ్ల తలుపులు ముందు తెరుస్తారు, క్షణాల్లో ఎక్కేవాళ్లవి. మన దగ్గర "దిగనివ్వండి, దిగనివ్వండి" అని అరిచే గొడవ ఉండదు. బండి తొందరగా కదులుతుంది. కానీ ప్లాట్‌ఫాంలు పెరుగుతాయి, పెట్టె వెడల్పు పెరుగుతుంది. లైను మొత్తంలో ఒకటో రెండో స్టేషన్లకు తప్ప పెట్టకండి. ఆటలో నగరం కట్టేవాళ్లు మోజు కొద్దీ ప్రతి స్టేషన్‌కూ పెడతారు, అక్కడ కాంక్రీటు ఉచితం కాబట్టి సరిపోయింది.

బాగా లోతుకు పోతే

30 మీటర్లు దాటాక పై నుంచి పెట్టె తవ్వడం భారమవుతుంది. అప్పుడు స్టేషనే సొరంగమవుతుంది. మాస్కోలో మూడు గొట్టాలు పక్కపక్కన తవ్వి, మధ్యదాన్ని హాలుగా చేసి, గోడలకు దారులు తెరుస్తారు. గోడ ముక్కలు లావుగా మిగిలితే పైలాన్ స్టేషన్, సన్నటి స్తంభాలు నిలబెడితే కాలమ్ స్టేషన్. 1938 నాటి మాయకోవ్‌స్కాయా స్టీలు స్తంభాలతో ఎంత తేలిగ్గా కనిపిస్తుందో ఫొటోల్లో చూసే ఉంటారు. కీవ్‌లో అర్సెనాల్నా 105.5 మీటర్ల లోతు. వాషింగ్టన్ దగ్గర ఫారెస్ట్ గ్లెన్ 60 మీటర్లు, అక్కడ ఎస్కలేటర్లే లేవు, లిఫ్టులే. బార్సిలోనా తొమ్మిదో లైను ఇంకో దారి పట్టింది: దాదాపు 12 మీటర్ల వ్యాసంతో ఒకే పెద్ద సొరంగం, మధ్యలో స్లాబు, పైన ఒక పట్టా, కింద ఒకటి. ప్లాట్‌ఫాం కూడా ఆ గొట్టంలోనే ఇమిడిపోతుంది. పై నుంచి లిఫ్టుల బావి ఒక్కటి తవ్వితే చాలు, రోడ్డు మీద బజారు నడుస్తూనే ఉంటుంది. రాతి నేల, కిక్కిరిసిన పాతబస్తీ కలిసొచ్చిన చోట ఇది ఆలోచించదగ్గదే.

| అమరిక | ఎలాంటి సొరంగానికి | పెట్టె లోపలి వెడల్పు | మెట్లు, లిఫ్టులు | అసలు చిక్కు |
|---|---|---|---|---|
| ఐలాండ్ | జంట టీబీఎం | 20 మీ. దాకా | ఒక జతతో సరి | తర్వాత పెంచలేం, క్రాసోవర్ పొడవు |
| సైడ్ | కట్ అండ్ కవర్, రెండు పట్టాల సొరంగం | సుమారు 18 మీ. | అన్నీ రెండేసి | తప్పు వైపు దిగితే చుట్టు తిరగాలి |
| అంతస్తులు | పైనా కిందా పోయే జంట సొరంగాలు | సుమారు 11 మీ. | రెండు మజిలీలు | లోతు, తప్పించుకునే సమయం |
| స్పానిష్ | పట్టాలు ఎడంగా ఉన్నవి | అన్నిటికన్నా ఎక్కువ | ఎక్కువ | ఖర్చు |
| లోతు గొట్టాలు | రాయి, గట్టి మట్టి | పైన బావి మేర | పొడవాటి ఎస్కలేటర్లు లేదా లిఫ్టులు | పైకి చేరే సమయం |

మీరెవరు అన్నదాన్ని బట్టి

ప్రాజెక్టు విద్యార్థులైతే జంట టీబీఎం, ఐలాండ్ తీసుకోండి. లెక్కలు దొరుకుతాయి, వైవాలో నిలబడతారు. కొత్తదనం కావాలంటే ప్లాట్‌ఫాంలో కాదు, నిట్టనిలువు సెక్షన్‌లో చూపించండి. లండన్ సెంట్రల్ లైనులో స్టేషన్లను చిన్న గుట్టల మీద కూర్చోబెట్టారు. వచ్చే బండి 60కి 1 వాలు ఎక్కుతూ నెమ్మదిస్తుంది, పోయే బండి 30కి 1 దిగుతూ వేగం అందుకుంటుంది. బ్రేకులకూ కరెంటుకూ రెండిటికీ ఆదా. ఏ పరీక్షకుడైనా ముందుకు వంగి చూసే పాయింటు అది.

మీ వీధి కిందికి లైను వస్తోందా? మ్యాపులో స్టేషన్ పేరు కాదు, పెట్టె వెడల్పు, పొడవు అడగండి. కట్ అండ్ కవర్ అంటే మీ గుమ్మం ముందు ఏళ్ల తరబడి గొయ్యి. 1984లో మొదటి ముక్క తెరిచేదాకా కోల్‌కతావాళ్లు ఎంత పడ్డారో అక్కడి పెద్దలనడిగితే చెబుతారు. పెట్టెకు పక్కన క్రాసోవర్ ఉందో లేదో కూడా అడగండి, గొయ్యి పొడవు తేలేది దాంతోనే.

ఇక ఆ క్రాసోవర్. ఆ పిల్లలు రెండో వారం మళ్లీ వచ్చారు. ఈసారి సొరంగాలు ముందు గీసి, వాటి నడుమ 11.9 మీటర్ల ఐలాండ్ పెట్టారు. బాగుంది. కానీ వాళ్లది చివరి స్టేషన్. బండి వెనక్కి తిరగాలి. 9కి 1 పాయింట్లతో (పట్టా చీలే చోట్లతో) పట్టా మారాలంటే ఒక మీటరు పక్కకు జరగడానికి తొమ్మిది మీటర్లు ముందుకు పోవాలి. నాలుగున్నర మీటర్ల ఎడమైతే 40 మీటర్లలో అయిపోయేది, 15 మీటర్లకు 135 అవుతుంది. పాయింట్ల పొడవు వేరే. ఆ మేరకంతా సొరంగం కాదు, పెట్టె కావాలి.

"అయితే చివరి స్టేషన్‌కు సైడే పెట్టొచ్చా సార్?" అన్నాడు ఒకబ్బాయి. పెట్టొచ్చు. టీబీఎంను వెనక స్టేషన్‌లోనే బయటికి తీసేసి, చివరి ముక్కంతా కట్ అండ్ కవర్ చేస్తే పట్టాలను అక్కడే దగ్గరకు తేవచ్చు, క్రాసోవర్ చిన్నదైపోతుంది. పైన తవ్వడానికి తగినంత రోడ్డుంటేనే సుమా. "ఎంతుంది రోడ్డు?" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బీరువాలోంచి 30 మీటర్ల టేపు తీసిచ్చాను. డ్రాయింగులు బల్ల మీదే వదిలేసి వెళ్లారు.